గిజిగాడి సగం గూడు

లచ్చయ్యా,

బాగున్నావా అని అలవాటు కొద్దీ అడుగుతున్నాను. మొన్న ఇప్పపూలు రాలేనాటికి నువ్వు పోయి మూడేళ్లు నిండాయి. నేను బోనకల్‌లోనే ఉన్నాను... మోకాళ్లు పోయాయి, నోరు మాత్రం పోలేదు.

మన కాలేజీ మ్యూజియం గదిని ఖాళీ చేయించిన ప్రిన్సిపాల్ కూడా పోయాడు. ఆయనకు ఉత్తరం రాయను. కంప్యూటర్ల కోసం పాముల సీసాలనూ గింజల డబ్బాలనూ పిట్టగూళ్లనూ వరండాలో పారేయించినవాడికి ఏం రాయాలి? ఆ రోజు నేను పెద్ద ఇంగ్లీషులో ఒక అర్జీ రాసి, ఇంటికి వెళ్లి పడుకున్నాను. అటెండరువి నువ్వు, అన్నీ గోనెసంచుల్లో మూటగట్టి మీ చండ్రుగొండ బస్సు ఎక్కించావట. ఆ సంగతి నాకు ఒక్కసారైనా చెప్పావా?

మొన్న మీ ఊరి ఆశ్రమ పాఠశాలలో సైన్సు మ్యూజియం గది తెరుస్తూ నన్ను పిలిచారు. మీ ఇంటామె నాగమ్మ ఆ సంచులన్నీ వాళ్లకు ఇచ్చేసింది. గూళ్లనూ ఇచ్చింది. వాటిని మాత్రం నువ్వు పొయ్యి పైన దూలానికి కట్టావట, విత్తనాల మొక్కజొన్న కంకుల పక్కన. పొగకు పురుగు పట్టదని. నా నాఫ్తలీన్ గోళీలు కాపాడలేనివాటిని నీ పొయ్యి కాపాడింది.

వాటిలో నువ్వు తెచ్చిన ఆ గిజిగాడి సగం గూడు ఉంది... గుర్తుందా? అడుగు లేకుండా, బోర్లించిన బుట్టలా ఉండేది. దానికి నా చీటీ: 'గాలికి విరిగిన గూడు.' క్లాసులో నేను దాన్ని చూపిస్తుంటే నువ్వు అప్పుడే చెప్పావు.

"ఇరగలే సారూ. మొగది సగం గట్టినంక ఆడపిట్టొచ్చి చూస్తది. నచ్చకుంటే ఎల్లిపోతది. ఇగ మొగది దాన్నిడిసిపెట్టి ఇంకోటి మొదలువెడ్తది. మా ఇంటిది గూడ నా గుడిసెను గట్లనే చూసిపోయినంకనే ఒప్పుకుంది."

క్లాసంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది. చీపురు పట్టేవాడు పాఠం చెప్పనక్కర్లేదన్నాను, పిల్లల ముందే. నువ్వు నవ్వుతూనే పక్కకు తప్పుకున్నావు.

ఆ ఏడాదే ఒక పుస్తకంలో చదివాను. పొల్లు పోకుండా నువ్వు చెప్పిందే. ఇన్ని పుస్తకాలు కొన్నవాడికి, చీటీ మార్చడానికి ఒక్క అట్టముక్క దొరకలేదా? ఆ గది ఖాళీ చేయించేదాకా అది అట్లాగే వేలాడింది. నీకు చెప్పనైనా చెప్పలేదు.

మొన్న చేతిలోకి తీసుకుంటే... చీటీ పాతది, దారం కొత్తది. తెగిపోతే మళ్లీ కట్టావన్నమాట. తప్పని తెలిసీ ఎందుకు కట్టావు లచ్చయ్యా? సారు రాసింది గనకనా? నాగమ్మను అడిగాను. ఆమెకూ తెలియదు.

చాలామంది మీద కోపంతోనే ఇన్నాళ్లూ బతికాను. ఆ దారం చూశాక తిట్టాల్సినవాడు ఒక్కడే మిగిలాడు.

కొత్త చీటీ రాశాను: 'గిజిగాడి సగం గూడు. ఆడపిట్ట మెచ్చక వదిలేసినది. తెచ్చినవాడు, తెలిపినవాడు లచ్చయ్య.' పాతది తీసేద్దామన్నారు హెడ్మాస్టరు. వద్దన్నాను. నా రాతను నేనే కొట్టేసి, కొత్తదాని కిందనే ఉంచాను. నువ్వు కట్టిన దారంతోనే.

ఇక నెలకో శనివారం ఆ గదికి వెళ్తాను. ఆ గూటి కింద నిలబడి, అది ఎందుకు సగంలో ఆగిందో చెప్తాను. ఆ రోజు నిన్ను ఏమన్నానో కూడా చెప్తాను. పిల్లల ముందే అన్నాను కదా... పిల్లల ముందే చెప్తాను.

ఉంటాను,
నీ సారు