రేకుల కొట్టంలో మఖ్మల్

ప్రొద్దుటూరు,
శనివారం పొద్దున.

అమ్మా ఫర్జానా,

నీ మీద అల్లాహ్ శాంతి, కరుణ ఉండుగాక. ఇక్కడ నేను, మీ అమ్మ, నీ పిల్లి మఖ్మల్, ముగ్గురమూ ఉన్నాం. అందరం క్షేమం అని రాయడానికి చేయి అలవాటుగా పోయింది గానీ ఆపుకున్నాను. మీ అమ్మ క్షేమం. మఖ్మల్ ఇప్పుడు క్షేమం. నా సంగతి ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నువ్వే తేల్చు.

నీ ఉత్తరం సాజియా తెచ్చి ఇచ్చింది. కువైట్ ఆసుపత్రిలో నీ పక్కనే నర్సుగా చేస్తుందట. సెలవుకు జమ్మలమడుగులో వాళ్ళింటికి పోతూ మన వీధిలో కారు ఆపించి, టీ వద్దు, నీళ్ళు వద్దు, "ముందు పిల్లిని సూపీ నాయనా, ఫోటో తీసి పంపకుంటే ఆ పిల్ల నన్ను బతకనీదు" అని నవ్వింది. మఖ్మల్‌ను ఒళ్ళో పెట్టుకుని "ఫర్జానా చెప్పినట్టే ఉండావే దొరసానీ" అంటూ చాలాసేపు నిమిరింది. నేను ఆ పిల్ల ముఖం చూడలేక, దూది మూటలు సర్దుతున్నట్టు నటించాను.

వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటున్నా ఉత్తరం కూడా రాయమని నీకు చెప్పింది నేనే. ఫోన్లో మాట గాలికి పోతుంది, కాగితం మీది మాట సాక్ష్యంగా నిలబడుతుంది అని పెద్దగా చెప్పి పంపాను. ఆ మాటే ఈ రోజు నన్ను కూర్చోబెట్టి రాయిస్తోంది. ఇంకో కారణం కూడా ఉంది. ఫోన్లో అయితే నా గొంతు నాకు తెలియకుండానే మసీదులో ప్రసంగం చెప్పే బయాన్ గొంతు అయిపోతుంది. నా తప్పును కూడా వినడానికి ఇంపుగా చెబుతాను. కాగితానికి గొంతు లేదు.

ఇక నువ్వు అడిగినవి.

కళ్ళు తుడుస్తున్నారా అన్నావు. తుడుస్తున్నాం. పొద్దున, సాయంత్రం మీ అమ్మ మెత్తటి గుడ్డ తడిపి తుడుస్తుంది. మొదట్లో నేను ఎగతాళి చేసేవాణ్ణి, ఇదేంది ఎప్పుడూ ఏడ్చే పిల్లిని తెచ్చిపెట్టింది నా బిడ్డ అని. మీ అమ్మ ఊరుకుంటుందా? "మూతి సదునుగా ఉండే జాతి. ముక్కు లోపలికి పోయిందానికి నీళ్ళు కండ్లెంట కారక యాడ కారతాయి? కితాబులు అన్నీ సదివితివి, ఈ ఒక్క మూతి సదవలేకపోతివి" అంది. ఆమె చెప్పింది నిజమే.

పాలు పోస్తున్నారా అన్నావు. లేదు. నువ్వు వద్దన్నా మొదట్లో బర్రె పాలు పోశాను. పాలు వద్దనే పిల్లి ఉంటుందా అనుకున్నాను. దానికి కడుపు చెడిపోయి సరిగ్గా నేను నమాజు చేసే చాప, నా జానమాజ్ మీదే కూర్చుంది. ఇప్పుడు ఉప్పు, పసుపు లేకుండా ఉడికించిన కోడి మాంసం, నువ్వు చెప్పిన అంగడి పిల్లిమేత గింజలు, పక్కన ఎప్పుడూ నీళ్ళ గిన్నె.

దువ్వుతున్నారా అన్నావు. ఆ పని నాది. పరుపులు కుట్టే చేతులు కదా, ఆ వెంట్రుక నాకు అర్థమవుతుంది. చెవుల వెనక, చంకల్లో ఉండ కట్టిన చోట దువ్వెన పెట్టి లాగను. గడ్డకట్టిన దూదిని విప్పినట్టు వేళ్ళతో అంచు నుంచి కొంచెం కొంచెం విడదీస్తాను. అది కళ్ళు మూసుకుని గురగురమంటుంది. నాకు దాని మీద ఇష్టం మొదలైంది ఆ పని దగ్గరే. నాకు గర్వం మొదలైంది కూడా అక్కడే.

నేను పులివెందులలో నీ గదికి వచ్చిన రోజు గుర్తుందా? నువ్వు అక్కడి ఆసుపత్రిలో చేసేటప్పుడు, ఊరు మారిపోతున్న ఒక కుటుంబం దీన్ని నీకు ఇచ్చి పోయింది. మంచం మీద ఇది రాణిలాగా పడుకుని ఉంది. నేను గడప దగ్గరే నిలబడి గొంతు పెంచాను. "జాతి పిల్లి అంటే ఏంది? ఆదం బిడ్డలకే జాతి లేదని నేను ఊరూరా గొంతు సించుకుంటాంటే, నా ఇంట్లో పిల్లికి జాతా?" నీతో గదిలో ఉండే కౌసర్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నువ్వు మాత్రం మెల్లిగా అన్నావు, "జాతి గొప్పదని కాదు నాయనా. మనుషులే దాన్నిట్ల చేసినారు. మూతి చిన్నది, ఊపిరి చిన్నది, బొచ్చు పెద్దది. మనం చూడకుంటే అది బతకలేదు." నువ్వు కువైట్ పోయేటప్పుడు దాన్ని నా చేతికి ఇస్తూ కూడా చెప్పింది ఒకటే. ఎండ తగలనీయొద్దు, మూసిన చోట ఉంచొద్దు. నేను తల ఊపాను. నేర్పేవాడు వినడం మరిచిపోతాడమ్మా. ఏ మదరసా మెట్లూ ఎక్కకుండా, తెలుగులో దొరికిన కితాబులన్నీ దూది బస్తాల మధ్య కూర్చుని చదివి, మసీదులో నిలబడే అర్హత సంపాదించినవాణ్ణి. పిల్లి సంగతి నాకు నా బిడ్డ చెప్పాలా అనుకున్నాను.

ఇప్పుడు నీ ఉత్తరంలో చివరి ప్రశ్నకు వస్తాను. దాన్ని దాటేసి సంతకం పెడదామని కూడా అనుకున్నాను. నువ్వు ఇలా రాశావు: "నాయనా, నీ పిల్లి బయాన్ ఇక్కడ మా హాస్టల్లో అందరి ఫోన్లలో తిరుగుతోంది. ఆ ఆడమనిషి తలుపు వేసింది అని చెప్పి నువ్వు కాసేపు ఆగిపోయిన చోట మేమంతా ఏడ్చాం. నీకు ఏడుపొచ్చిందని నాకు అర్థమైంది. మా నాయన అని గర్వంగా చెప్పుకున్నాను. నా మఖ్మల్ నీ దగ్గర ఉందన్న ధైర్యంతో నిద్రపోతున్నాను. నువ్వు ఆ బయాన్ చెప్పేటప్పుడు అది ఏం చేస్తూ ఉండింది?"

చెబుతాను.

ఆ రోజు శుక్రవారం, జుమా నమాజు రోజు. పొద్దున్నే స్నానం చేసి తెల్ల బట్టలు తీస్తే వాటి నిండా దాని బూడిద రంగు వెంట్రుకలు. జుమాకు నేను స్నానం చేస్తున్నప్పుడు నా ఇంట్లో ప్రాణి ఎందుకు చేయకూడదు అనిపించింది. దాన్ని తొట్టిలో ముంచి సబ్బుతో రుద్దాను. నువ్వు స్నానం ఎక్కువ వద్దన్నావు, చేయిస్తే తువ్వాలుతో అద్ది ఫ్యాను కింద ఉంచమన్నావు. బొచ్చు లోపల తడి దిగిపోయింది, ఎంత అద్దినా ఆరలేదు. మసీదుకు పొద్దు పోతోంది. దూది పనివాడికి తడిసిన దూది ఆరడానికి తెలిసిన చోటు ఒకటే. మన పెరట్లో రేకుల కొట్టం. తడి దూది పరిచి తలుపు వేస్తే ఎండకు రేకులు కాగి, తిరిగి వచ్చేసరికి పొడిపొడిగా ఉంటుంది. వెంట్రుక మాత్రం దూది కాదా అనుకున్నాను. కొత్త దూది పరిచి, దాని మీద మఖ్మల్‌ను కూర్చోబెట్టి, వీధి కుక్కలు రాకుండా బయట గొళ్ళెం పెట్టాను. నీళ్ళ గిన్నె పెట్టలేదు. అది తలుపు దగ్గరికి వచ్చి ఒక్కసారి అరిచింది. "వస్తా ఉండు" అని పోయాను.

నమాజుకు ముందు నా బయాన్. ఆ రోజు ఏం చెప్పాలో నేను ముందుగా అనుకోలేదు. చేతుల మీద పిల్లి గీరిన గీతలు చూసుకుంటే ప్రవక్త చెప్పిన ఆ హదీసు నోటికి వచ్చింది. ఒక ఆడమనిషి పిల్లిని బంధించింది. తిండి పెట్టలేదు, నీళ్ళు పెట్టలేదు, నేల మీది పురుగో పుట్రో తిని బతకడానికైనా వదల్లేదు. ఆ ఒక్క పిల్లి కోసం ఆమె నరకపు నిప్పుల పాలైంది. ఎంత నమాజు చదివావని కాదు, నీ చేతి కింద ఉన్న నోరులేనిదాన్ని ఎట్లా చూశావని అడుగుతారు అని మైకు అదిరేట్టు అరిచాను. మనుషులు కదిలిపోయారు. నమాజు అయ్యాక ఇంటికి పోయేవాణ్ణే. "ఇంకాస్త చెప్పప్పా ఖలందరూ, మనసు నిండలేదు" అని పెద్దాయన అబ్దుల్ సలాం చేయి పట్టుకున్నాడు. మళ్ళీ నిలబడి ఆ కథే ఇంకోసారి మొదలుపెట్టాను. కువైట్ నుంచి సెలవుకు వచ్చిన మన ఊరి నయీం ఫోను తీసి రికార్డు పెట్టింది అప్పుడే.

ముందు ఇంటికి వచ్చాక జరిగింది చెప్పి, తర్వాత అక్కడికి వస్తాను.

మీ అమ్మ మసీదు పక్కింటి అరుగు మీద ఆడవాళ్ళతో కూర్చుని మైకులో అంతా వినింది. ఇద్దరం కలిసే వచ్చాం. దోవలో కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ "ఎన్నేండ్లకు నీ మాటకు ఏడిసినానయ్యా" అంది. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. గడప దాటగానే అడిగింది, "మఖ్మల్ యాడ?"

పెరట్లోకి పరుగెత్తాను. గొళ్ళెం చేతికి కాలింది. లోపల నుంచి పొయ్యి మూత తీసినట్టు వేడి కొట్టింది. అది తలుపు పక్కనే, కింద సందులో నుంచి గాలి వచ్చే చోట మూతి ఆనించి పడి ఉంది. నోరు తెరిచి కుక్కలాగా ఒగరుస్తోంది. నాలుక రంగు మారింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడలేదు.

మీ అమ్మ దాన్ని నా చేతుల్లోంచి లాక్కుంది. ఫ్యాను కింద తడి గుడ్డ పరిచి పడుకోబెట్టి, పాదాలు, చెవులు, పొట్ట తడుపుతూనే ఉంది. తర్వాత తల ఎత్తకుండా అంది, "ఏడిసినాను నేను. ఆడ కూసోని నీ మాటలకు ఏడిసినాను. ఆ పొద్దు ఇది ఈడ సస్తా ఉండింది." ఆటో పిలిచి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన సెలైను పెట్టాడు. "ఎండ దెబ్బ ఎట్ల తగులుకునింది?" అని అడిగాడు. మీ అమ్మే "గాలికి తలుపు పడిపోయిండె సార్" అంది. నన్ను కాపాడటానికి ఆమె అబద్ధం చెప్పింది. నేను చెప్పనిచ్చాను.

కొన్నాళ్ళకు మఖ్మల్ తేరుకుంది. నువ్వు ఫోన్లో చూపించమన్న ప్రతిసారీ నెట్టు సరిగ్గా లేదని చెప్పి పాత వీడియోలు పంపింది నేనే. మీ అమ్మను చెప్పొద్దన్నదీ నేనే.

ఇప్పుడు మీ అమ్మకు కూడా తెలియనిది రాస్తున్నాను. నేను మరిచిపోయానని ఆమె అనుకుంటోంది. మరిచిపోవడం అయితే ఎప్పుడో ఫోన్లోనే చెప్పేసేవాణ్ణి. ఆ రికార్డులో ఆడమనిషి తలుపు వేసింది అని నేను ఆగిపోయిన చోటు ఉంది చూడు. అది ఏడుపు కాదు బిడ్డా. ఆ క్షణాన నా కళ్ళ ముందుకు మన గొళ్ళెం వచ్చింది. నా మఖ్మల్ లోపల ఉందని గుర్తొచ్చింది. దిగి పరుగెత్తాలి. ఎదురుగా అబ్దుల్ సలాం గడ్డం తడిసేలా ఏడుస్తున్నాడు. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. ఇంకొంచెం చెప్పి పోదాం, ఇంతలో ఏమవుతుంది అనుకున్నాను. అనుకుని, గొంతు ఇంకా పెంచాను. ఆ తర్వాత చెప్పిందంతా, మీరు ఏడ్చిందంతా, దాని ఊపిరి తీసి చెప్పింది. చేయనిది ఎందుకు చెబుతారు, అల్లాహ్ దగ్గర అంతకు మించిన అసహ్యం లేదు అని గ్రంథం అడుగుతుంది. ఆ వాక్యం ఎన్నిసార్లు ఎంతమంది నెత్తిన కొట్టానో.

నిన్న జుమాకు జమ్మలమడుగు వాళ్ళు పిలిచారు. అబ్దుల్ సలాం వెంట వచ్చాడు. వాళ్ళకూ ఆ పిల్లి బయానే కావాలట. పోకూడదనుకున్నాను. పోయి నిజం చెప్పాలనుకున్నాను. నిలబడి అన్నాను, "ఆ ఆడమనిషి ఎవరో కాదప్పా, నేనే. మా ఇంట్లో పిల్లిని కొట్టంలో పెట్టి గొళ్ళెం ఏసి, మీకు ఈ కత చెప్పడానికి వచ్చినోణ్ణి." జనం మెచ్చుకోలుగా సుబ్హానల్లాహ్ అన్నారు. నిజంగానే చెబుతున్నానని అరిచాను. ఇంకా గట్టిగా సుబ్హానల్లాహ్ అన్నారు. బయటికి వస్తుంటే అబ్దుల్ సలాం నా చేయి ముద్దు పెట్టుకుని "తప్పును తన మీద ఏసుకోని చెప్పేది నీకే చెల్లుతుందప్పా! ఏం వినయం!" అన్నాడు. నా తప్పు కూడా నాకు పొగడ్తే అయి తిరిగి వచ్చింది. వచ్చే వారం దువ్వూరు రమ్మని అక్కడే ఒకాయన అడిగాడు. రానన్నాను. అదీ వినయమే అనుకున్నాడు.

అందుకే నీకు రాస్తున్నాను. ఆ గొళ్ళెం చప్పుడు నీకు తెలుసు, ఆ కొట్టం వేడి నీకు తెలుసు, నువ్వు చెప్పిన జాగ్రత్తలు నీకు తెలుసు. ఇది కథ కాదని తెలిసేది నీకే. అల్లాహ్‌ను క్షమాపణ అడగడం నాకు నోటికి వచ్చు. నోరులేనిదాన్ని ఎట్లా అడగాలో తెలియడం లేదు. కొట్టం గొళ్ళెం పీకేశాను. అయినా ఎక్కడ ఇనుము చప్పుడైనా మఖ్మల్ మంచం కిందికి పోతుంది. దువ్వెన తీసుకుంటే మాత్రం నా దగ్గరికే వస్తుంది. రాకుంటే బాగుండు అనిపిస్తుంది. దాన్ని పులివెందులలో కౌసర్ దగ్గర పెట్టమంటే పెట్టు, చల్లపూట బస్సులో నేనే తీసుకుపోయి అప్పగిస్తాను. నా దగ్గరే ఉండనీ అంటే అదీ నీ ఇష్టం. నేను అడగను.

ఈ ఉత్తరం నయీం తెస్తాడు. రేపు కువైట్‌కు తిరిగి పోతున్నాడు. నా బయాన్ మోసుకొచ్చిన ఫోను, ఈ కాగితం ఒకే జేబులో వస్తాయి. కవరు అతికించి ఇచ్చాను. ఆ బయాన్ ఇంకోసారి పెట్టుకుని, నేను ఆగిన చోట నువ్వు కూడా ఆగు. నీ హాస్టల్లో నాకోసం ఏడ్చినవాళ్ళకు నువ్వే చెప్పు. నా మాట ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు.

ఇట్లు,
నువ్వైనా నమ్మాల్సిన
మీ నాయన,
ఖలందర్.