మూడు రంగుల చీటీలు

అక్కా,

జర్మన్ పరీక్ష ఈసారీ తప్పాను. అమ్మకి చెప్పకు. జర్మనీకి నర్సుగా వెళ్దామని, చేస్తున్న ఉద్యోగం వదిలేసి వచ్చానా, పాసయ్యేదాకా నా సర్టిఫికెట్లు ఈ ట్రైనింగ్ ఆఫీసు బీరువాలోనే ఉంటాయట.

ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడో, మగో, రెండూ కానిదో. గుర్తుండాలని హాస్టల్ గదిలో మంచానికీ కిటికీకీ బకెట్టుకీ మూడు రంగుల చీటీలు అంటించాం. నాతో అంటించిన ఐదుగురూ విమానం ఎక్కేశారు. చీటీలూ నేనూ మిగిలాం.

బావని ఒకసారి పంపు, సర్టిఫికెట్లు అడుగుతాడు. నేనడిగితే "ఇంకొక్కసారి రాయమ్మా" అంటున్నారు.

నిన్న కొత్త బ్యాచ్ వచ్చింది. నేను క్లాసులోకి వెళ్ళగానే టీచరనుకుని అందరూ లేచి నిలబడ్డారు. ఏం చెయ్యను? కూర్చోమన్నాను, జర్మన్‌లోనే.

నీ చెల్లి