పడవను లాగే బండికి టైర్లు

చిరంజీవి మణిశంకర్‌కు మావయ్య ఆశీస్సులు.

రథచక్రం నేలలో కుంగాక ఎంతటి వీరుడి విల్లయినా ఎందుకు పనికొచ్చిందిరా? నేను ఊరూరా హరికథగా చెప్పే ఆ కర్ణుడి కథ మొన్న మన పాయలో కళ్లముందే జరిగింది. లంకవాళ్ల ఒక్కగానొక్క పడవను బాగుచేయించి, ట్రైలరు మీద ఎక్కించి, లంకకు చేర్చాలని నీ బండితో ఎండిన పాయ ఇసుకలోకి దించాం. బరువెక్కువని గాలి గట్టిగా కొట్టించాం. అరిగిన టైర్లు కాస్తా దిగబడిపోయాయి. నేను నామస్మరణ అందుకుంటే నిండు గర్భిణి ఉమాశ్రీ అవతలి లంక గట్టు మీంచి, "బాబాయిగారండీ, దేవుణ్ని తర్వాత పిలుద్దురుగాని, ముందు ఆ గాలి తీయండి!" అని కేకేసింది. గాలి తగ్గించి, చక్రాల కింద అరటి డొప్పలు పరిస్తే బండి కదిలింది, అదీ వెనక్కే. పడవ ఇంకా ఇవతలి ఒడ్డునే ఉంది.

నువ్వు ఫోన్లో చూపించిన గుబ్బల టైర్లు బురదకు మంచివేమోగాని, మన ఇసుకలో గొయ్యి తవ్వుకుని కూర్చుంటాయి. రోడ్డుకీ ఇసుకకీ పనికొచ్చే ఆల్ టెర్రయిన్ టైర్లు తీసుకో. పడవ బరువు కూడా చెప్పి, తట్టుకుంటాయా అని అడుగు. దేవుడే చూసుకుంటాడని నాకే చెప్పకు! సారథిగా కూర్చున్న దేవుడే యుద్ధం మధ్యలో గుర్రాలను విప్పి నీళ్లు పట్టాడు.

ఉమాశ్రీకి నెలలు నిండాయి. ఎగువన నీరు పెరుగుతోందంటున్నారు, మన పాయ మాత్రం ఇంకా పొడిగానే ఉంది. నీరొచ్చేలోగా పడవ లంక చేరకపోతే, నొప్పులొచ్చినప్పుడు ఆమెను ఇవతలికి దాటించే దారే ఉండదు. పడవ చేరుతుంది, నాకు నమ్మకముంది. ఈ ఉత్తరం తెచ్చిన అబ్బులును ఎక్కించుకుని టైర్ల కోసం రావులపాలెం బయల్దేరు. రేపనకు. ఇవాళే, ఇప్పుడే బండి తియ్యి!