లేచి పోవడం

బావగారికి,

నమస్కారం పెట్టే మనసు లేదు. అక్క మొహం చూసి పెడుతున్నాను.

వచ్చే నెల పరుగు పందెం ఉందని రోజూ నాలుగున్నరకు లేచి వంతెన దాకా పరుగెత్తి వస్తున్నాను. దారిలో ఎదురయ్యేది ఇద్దరే, పాలాయన, బేకరీ ముందు కుక్క. నిన్న పాలాయన మీ గుమ్మంలో, "మీ మరదలు చీకటితోనే లేచి పోతోందండీ, ఏం ఓపిక!" అని మెచ్చుకున్నాడట. మీరు సగం నిద్రలో విని, అమ్మకు ఫోన్ చేసి, "చిన్నది లేచిపోయింది" అన్నారు.

నేను చెమటలు కక్కుతూ ఇంటికొచ్చేసరికి అమ్మ నా బీరువా తెరిచి ఏ బట్టలు పోయాయో చూస్తోంది. నాన్న "ఎవడే వాడు?" అన్నాడు. మీరేమో పొరపాటు ఒప్పుకోకుండా, "నిప్పు లేనిదే పొగ రాదు మావయ్యా" అంటున్నారట. నాన్న ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. పాలాయనకు మనవలున్నారు. కాబట్టి నేను కుక్కతోనే లేచిపోయి ఉంటాను.

ఆదివారంలోగా వచ్చి, తప్పుగా విన్నది మీరేనని నాన్నకు మీ నోటితో చెప్పండి.

అన్నట్టు, అక్క బూట్లు కొనుక్కుంది. రేపటి నుంచి నాతోపాటు లేచి పోతుంది. ప్రస్తుతానికి ఆ రెండు మాటలూ విడదీసే రాశాను. కలపాలా వద్దా అన్నది ఇక మీ నోటిని బట్టి ఉంటుంది.

మీ మరదలు