రాక్షసుడి మాటలు, రెండు ప్రతుల్లో

కుంభార్‌వాడి, వెంగుర్ల తాలూకా,
ఆషాఢ బహుళ పంచమి

ముంబై కళాసహాయ నిధి కార్యాలయంలో విభాగాధికారి శ్రీమతి మృణాలిని దేవధర్ బాయిసాహెబ్ గారి సముఖానికి, కుంభార్‌వాడి దశావతార నాటక మండలి యజమాని సదాశివ్ గావడే వంగి నమస్కరించి రాసుకునే మనవి.

ముందు నేనెవరో చెప్పుకోవాలి. నేను రాక్షసుణ్ణి. ఆట మొదట్లోనే వచ్చి బ్రహ్మగారి వేదాలు ఎత్తుకుపోయే శంఖాసురుడి వేషం నాది. ముఖమంతా నల్లగుడ్డ కప్పుకుంటాను. నేను చూడ్డానికి బాగుండేది ఆ కాసేపేనని మా ఆవిడ అంటుంది.

మా టెంపో పోయింది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, మళ్లీ మెల్లగా మూసి, టోపీ తీశాడు. మా వైపు ఒక్కో ఊరి జాతర ఒక్కో మండలిది. తాతల నాటి ఏర్పాటు. ఒక్క ఏడు వెళ్లకపోతే ఆ జాతర ఇంకో మండలికి పోతుంది, ఇక తిరిగి రాదు. కార్తీక పౌర్ణమికి మొదటి ఆట మా ఊళ్లోనే, నడిచే వెళ్తాం. ఆ తర్వాతవన్నీ దూరపు ఊళ్లు. టెంపో కొనుక్కోవడానికి తమరు సాయం ఇప్పించకపోతే, మా తాత పెట్టిన మండలి నా చేతుల మీదుగా మూతపడుతుంది. ఆ పేరు నాకొద్దు.

తమ విధేయుడు,
సదాశివ్ గావడే

తా.క. దరఖాస్తులో 'వృత్తి' అన్న చోట 'దొంగ' అని రాసి కొట్టేశాను. వేషం సంగతి అడుగుతున్నారనుకున్నాను.

ముంబై, శ్రావణ శుద్ధ విదియ

శ్రీ గావడే గారికి నమస్కారాలు.

మీ దరఖాస్తు అందింది. నిధి నియమాల ప్రకారం నాటకం రాతప్రతి రెండు కాపీలు జతచేయాలి. అవి లేనిదే దరఖాస్తు పరిశీలనకు రాదు.

ఇట్లు,
మృణాలిని దేవధర్

తా.క. కొట్టివేసిన ప్రతి మాట పక్కన దరఖాస్తుదారు సంతకం ఉండాలి. 'దొంగ' పక్కన సంతకం చేసి వెంటనే పంపగలరు.

కుంభార్‌వాడి, శ్రావణ పౌర్ణమి

బాయిసాహెబ్ గారికి శంఖాసురుడి శతకోటి దండాలు.

'దొంగ' పక్కన సంతకం చేశాను. సాక్షి సంతకం కూడా కావాలేమోనని మా ఆవిణ్ణి అడిగితే సంతోషంగా పెట్టింది.

రాతప్రతి మాత్రం లేదు. మేం దాచిపెట్టడం లేదు, అసలు ఎప్పుడూ లేదు. ఆట రోజు ముఖాలకు రంగు పూసుకుంటూ కథ అనుకుంటాం. 'ఇవాళ ఏది?' అంటాడొకడు. 'సుభద్ర పెళ్లి' అంటాడింకొకడు. అంతే. మాటలు ఆటలో వాటంతటవే వస్తాయి. రాకపోతే హార్మోనియం అతను గట్టిగా వాయిస్తాడు. అయినా మీ మాట తీసేయలేక, మా దగ్గరున్న కథ మొత్తం రాసి పంపుతున్నాను:

'రాజు వస్తాడు. కోపం. అడవి. ముని. ఇంకా కోపం. యుద్ధం. పెళ్లి.'

తమ విధేయుడు,
సదాశివ్ గావడే

తా.క. రెండో ప్రతిలో యుద్ధం లేదు. ఆ రోజు సేనాపతికి జ్వరం.

ముంబై, భాద్రపద శుద్ధ దశమి

శ్రీ గావడే గారికి నమస్కారాలు.

మీ రాతప్రతి మా ఎంపిక సంఘం ముందు పెట్టాను. మీరు మమ్మల్ని ఆటపట్టిస్తున్నారని సంఘం భావించింది. తెల్లవార్లూ ఆడే నాటకానికి ప్రతి మాటా కాగితం మీద ఉండాలి. తనిఖీ అధికారి ఆటకు వచ్చి, రాసింది రాసినట్టు పలికారో లేదో సరిచూస్తారు. లేకపోతే దేనికి డబ్బిచ్చావని ఆడిట్ వాళ్లు నా పీకల మీద కూర్చుంటారు.

ఇట్లు,
మృణాలిని దేవధర్

తా.క. సేనాపతికి తగ్గిందా? ఇది కార్యాలయం అడుగుతున్నది కాదు.

కుంభార్‌వాడి, ఆశ్వయుజ శుద్ధ పంచమి

బాయిసాహెబ్ గారికి, నడుం పట్టేసిన రాక్షసుడు పడుకునే చేస్తున్న నమస్కారం.

సేనాపతి కులాసా. రాతప్రతి రెండు కట్టలు వేరే పంపాను.

నా గొప్ప నాకు ఇప్పుడు తెలిసింది. ఆటలో గంటసేపు గుక్క తిప్పుకోకుండా వాగేవాణ్ణి, కలం పట్టుకుంటే 'ఓరీ బ్రహ్మా' దగ్గర ఆగిపోయాను. రెండు రోజులు అక్కడే ఉన్నాను. చివరికి ఇంట్లోనే నల్లగుడ్డ కప్పుకుని కూర్చుంటే మాటలొచ్చాయి. ఆ సమయానికి విద్యుత్ బిల్లు ఇవ్వడానికి వచ్చినాయన బిల్లు గడపలో పడేసి పరుగెత్తాడు. మా బ్రహ్మ వేషధారి దిగంబర్ తన మాటలు తనే రాసుకుంటానన్నాడు. నాలుగు తలలున్నాయి కాబట్టి నాలుగింతలు రాశాడు. ఇప్పుడు మండలి మొత్తం పిల్లల్లా కూర్చుని వల్లె వేస్తోంది.

తమ విధేయుడు,
సదాశివ్ గావడే

తా.క. నలభై ఒకటో పేజీలో 'కొబ్బరికాయలు దింపేవాడు వచ్చి వెళ్లిపోయాడు, నీకు చెవులున్నాయా' అన్నది రాక్షసుడి మాట కాదు. నేను రాస్తుంటే మా ఆవిడ అన్నది. చేయి ఆగలేదు.

ముంబై, ఆశ్వయుజ బహుళ ఏకాదశి

శ్రీ గావడే గారికి నమస్కారాలు.

రాతప్రతి ఆమోదించాం. కార్తీక పౌర్ణమి ఆటకు తనిఖీ అధికారిగా నేనే వస్తున్నాను. ముందు వరుసలో కుర్చీ, కాగితం కనపడేంత దీపం ఏర్పాటు చేయండి.

ఇట్లు,
మృణాలిని దేవధర్

తా.క. నలభై ఒకటో పేజీలో ఆ మాట తీసేయవద్దు. నాటకం మొత్తంలో సహజంగా ఉన్నది అదొక్కటేనని సంఘం అభిప్రాయం.

కుంభార్‌వాడి, కార్తీక బహుళ తదియ

బాయిసాహెబ్ గారికి, ముఖం చెల్లక మళ్లీ నల్లగుడ్డ కప్పుకుని రాస్తున్న సదాశివ్ గావడే క్షమాపణలు.

ముందు వరుసలో కూర్చుని అంతా చూశారు. వెనకాల ఏం జరిగిందో చెప్పుకోవడం నా బాధ్యత. దిగంబర్ తన మొదటి మాట మూడుసార్లు చెప్పాడు, రెండోది గుర్తురాక. జనం ఒక్కొక్కరే లేచి ఖాజాల కొట్ల వైపు వెళ్లిపోయారు. నేను తెర సందులోంచి చూస్తున్నాను. అంత దూరం నుంచి వచ్చిన ఆస్గణి ఊరి పెద్ద రావ్‌రాణే కూడా చెప్పులు వేసుకుంటున్నాడు. ఆస్గణి జాతర మాకున్న వాటన్నిటికంటే పెద్దది.

మాటలు మరిచిపోయి వేదిక మీదికి వచ్చాను. చూస్తే బ్రహ్మ చేతిలో వేదాలు లేవు. మామూలుగా ఎర్రగుడ్డలో చుట్టిన పాత పంచాంగం పట్టుకుంటాడు. వల్లె వేసే హడావిడిలో దాన్ని ఇంట్లో వదిలేశాం. వేదాలు లేకపోతే నేనేం ఎత్తుకుపోవాలి? అప్పుడు మీ ఒళ్లో, మా రాతప్రతి పెట్టిన ఎర్ర అట్ట ఫైలు కనిపించింది. బాయిసాహెబ్, చిన్నప్పటి నుంచి చేస్తున్న దొంగతనం. చేయి దానంతటదే పోయింది.

"గావడే, అది ప్రభుత్వ ఫైలు" అంటూ మీరు వెంటపడి పైకెక్కారు.

"అలాగా? వేదాలు బ్రహ్మ దగ్గరున్నాయనుకుని ఇన్నేళ్లు మోసపోయాను. ముంబైలో ఉన్నాయన్నమాట" అన్నాను. ఒకాయన నవ్వాడు.

"ఏ నియమం కింద తీసుకున్నారు? రసీదేది?" అన్నారు మీరు.

"రసీదిచ్చే దొంగ మీ ఆఫీసులో ఉంటాడేమో గాని మా లోకంలో లేడమ్మా."

ఖాజాల కొట్ల నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. అప్పుడు మీరు నడుం మీద చేయి పెట్టుకుని, "నువ్వు దొంగవని నీ సంతకం నా దగ్గరుంది. సాక్షి మీ ఆవిడ" అన్నారు. మా ఆవిడ జనంలోంచి లేచి చేయెత్తింది. నేను ఫైలుతో సహా వెళ్లి బ్రహ్మ వెనక దాక్కున్నాను. శంఖాసురుడు విష్ణువు చేతిలో చావడం మామూలే, మాటల్లో చావడం ఇదే మొదటిసారి. ఆ ఊపులో మావాళ్లు రాసింది గాలికొదిలేసి తెల్లవార్లూ ఆడారు.

విష్ణువు నన్ను చంపి ఫైలు మీకివ్వాల్సింది. అలవాటు కొద్దీ బ్రహ్మకిచ్చాడు. దిగంబర్ ఇంటికి పట్టుకుపోయాడు. దీనితో పంపుతున్నాను, కాస్త రంగు అంటింది. సాయం ఇక రాదని తెలుసు. తప్పు నాది. మిమ్మల్ని మాత్రం ఏమీ అనకూడదని ప్రార్థన.

తమ విధేయుడు,
సదాశివ్ గావడే

తా.క. రావ్‌రాణే ఇంటికొచ్చాడు. 'మీ మండలిలో కొత్తగా చేరిన ఆ బాయి వస్తేనే ఆస్గణి జాతర మీది, లేకపోతే వేరేవాళ్లకిస్తా' అన్నాడు. ఆమె అధికారి అంటే నమ్మలేదు. 'వేషం అంత బాగా కుదిరింది మరి' అన్నాడు. ఏం చెప్పమంటారు?

ముంబై, మార్గశిర శుద్ధ పాడ్యమి

గావడే గారికి, మీ బాయిసాహెబ్ నమస్కారాలు.

తనిఖీ చేసేవారు ఆ ఆటలో పాల్గొని ఉండకూడదని మా నియమం. కాబట్టి నా ముందు రెండే దారులు. నేను నటించలేదని రాస్తే, మీరు ప్రభుత్వ ఫైలు నిజంగా దొంగిలించినట్టు. సాయం పోతుంది. నటించానని రాస్తే తనిఖీ నా చేతిలోంచి పోతుంది. మూడు రోజులు ఆలోచించి నటించానని రాసిచ్చాను.

తనిఖీ మా సహోద్యోగి కులకర్ణి గారికి వెళ్లింది. రాతప్రతి ప్రకారమే ఆడారా అని ఆయన నన్ను అడిగారు. రాతప్రతి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేదిక మీదే ఉందని చెప్పాను. ఆయన అదే రాసుకుని సంతకం చేశారు. వచ్చేవారం డబ్బు మీ బ్యాంకులో పడుతుంది. టెంపో చూసుకోండి.

అనుమతి లేకుండా వేషం కట్టినందుకు నాకు మెమో ఇచ్చారు. సంజాయిషీతో పాటు ఆస్గణి ఆటకు సెలవు, అనుమతి కూడా అడిగాను. రెండూ ఇచ్చారు. రావ్‌రాణేకి వస్తానని చెప్పండి.

మీ దగ్గర దాచడం ఎందుకు, ఆ రాత్రి నేను నటించలేదు. నిజంగా ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని ఉత్తరాలు రాస్తున్నాను. నా మాటకు ఎవరూ నవ్వలేదు. సగం మంది చదవనైనా లేదు. ఆ రాత్రి నేనొక్క మాటంటే అంత జనం తింటున్నవి వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

మీ మండలి సభ్యురాలు,
మృణాలిని దేవధర్

తా.క. ఆస్గణిలో నా దగ్గర ఏం ఎత్తుకుపోబోతున్నారో ముందుగా చెప్పకండి. చెబితే నాకు కోపం రాదు. నాకు నటన రాదు.