సంత రోజు మాట ముద్దపడితే కల్లేనా?

సూపరింటెండెంటు గారికి,
ప్రాంతీయ ఆసుపత్రి.

అయ్యా,

విషయం: అత్యవసర విభాగంలో గుండెపోటు, పక్షవాతం, ఇన్‌ఫెక్షన్ రోగులను తలుపు దగ్గరే గుర్తించుట గురించి.

ముందుగా మనవి చేయునది ఏమనగా, ఈ అర్జీ నేను లావణ్య మీద కుళ్లుతో రాస్తున్నానని మా ఇంట్లో అనుకుంటున్నారు. లావణ్య సంత వీధిలో కిరాణా కొట్టు రమణమూర్తి గారి అమ్మాయి. డిగ్రీలో నా పక్కనే కూర్చునేది. మా అమ్మ ముత్యాలమ్మ పొయ్యి దగ్గర్నుంచే అరిచింది: "ఏటే గుంటా, సావుకారి పిల్ల స్కూటీ సూసి కడుపుమంటా నీకు? గవర్నమెంటోల్లకి కాయితాలు రాత్తన్నావా? బేగి సింపేయ్!" కడుపుమంట నిజమే. స్కూటీ మీద కాదు. వాళ్ల నాన్న మీద.

1. మిరియాలు అమ్ముకునే రోజుల్లో, ఒక సంత నాడు, మా నాన్న కిల్లో ధర్మ చేతిలోంచి మూట జారిపోయినది. నోరు ఒక పక్కకు లాగేసింది. మాట ముద్దగా వచ్చింది. "పొద్దున్నే జీలుగు కల్లు తాగినావా?" అని మొదట తిట్టింది మా అమ్మే. నేను దగ్గరికెళ్లి వాసన చూశాను. కల్లు లేదు. ఆటోలో తమ ఆసుపత్రికి తీసుకొచ్చాము.

2. సదరు విభాగంలో విధుల్లో ఉన్న సిస్టర్ గారు మా నాన్నను ముట్టుకోకుండానే, "సంత కదా, మత్తు దిగేదాకా వరండాలో పడుకోబెట్టండి" అని సెలవిచ్చిరి. తాగలేదని విన్నవించితిని. "అందరూ అదే చెప్తారు పాపా" అనిరి. నేను గొంతు పెంచాను. "తాగినోడు ఊరుకున్నా ఎంటొచ్చినోల్లు ఊరుకోరు" అంటూ సెక్యూరిటీ ఆయన నన్ను బయట నిలబెట్టాడు. మా అమ్మ నా కొంగు లాగింది: "గట్టిగా మాటాడకే. కోపం వస్తే అస్సలు సూడరు."

3. అదే పూట రమణమూర్తి గారిని గుండెనొప్పితో తీసుకొచ్చిరి. లావణ్య గేటు దగ్గర్నుంచే కేకలు పెట్టింది. ఆమెను ఎవరూ బయట నిలబెట్టలేదు. స్ట్రెచర్ పరుగెత్తుకొచ్చింది. ఈసీజీ తీశారు, మాత్రలు నమిలించారు, డాక్టరు గారు తామే విశాఖకు ఫోన్ చేశారు, అంబులెన్సు వచ్చి నిలబడింది. అంతా ఎంత చక్కగా జరిగిందంటే నేను కిటికీలోంచి అలా చూస్తూ ఉండిపోయాను. అయ్యా, తమ ఆసుపత్రికి పని రాదని నేను రాయడం లేదు. వచ్చు. నా కళ్లతో చూశాను. చూశాను కాబట్టే ఈ మంట.

4. డ్యూటీ మారాక వచ్చిన డాక్టరమ్మ మా నాన్నను రెండు చేతులూ ఎత్తమన్నారు. కుడిచేయి లేవలేదు. అంతే, ఆ ఒక్క మాట అడగడానికి అంతసేపు పట్టింది. విశాఖ చేర్చేసరికి, పక్షవాతానికి నెత్తురు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది గాని వేసే వేళ దాటిపోయిందన్నారు.

5. ఆ వరండాలోనే మా పక్కన చిన్నమ్మలు అనే బాలింతను గోడకు చేరగిలబెట్టి ఉంచిరి. మూడు దినములుగా జ్వరం. ఆ పూట ఒళ్లు చల్లబడింది. "జ్వరం దిగింది, నిద్రపోతోంది" అన్నారు. ఊపిరి మాత్రం ఆయాసపడే కుక్కపిల్లలా కొట్టుకుంటోంది. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందని తర్వాత చెప్పారు. బతికింది. ఆమె విశాఖలో ఉన్నన్నాళ్లూ పసిగుడ్డుకి పొరుగువాళ్లే పాలిచ్చారు.

6. రమణమూర్తి గారు ఇప్పుడు కొట్లో కూర్చుని పనివాళ్ల మీద కేకలేస్తున్నారు. నేను కనిపిస్తే "మీ నాన్న ఎలాగున్నాడమ్మా?" అంటారు. మంచివారే. ఆయన బతికినందుకు నాకు సంతోషమని రాయాలి. రాయలేను. మొన్న లావణ్య ఫోన్లో విసుక్కుంది: "మా నాన్నతో పడలేకపోతున్నానే. పొద్దున్న లేస్తే ఒకటే తిట్లు!" ఫోన్ పెట్టేశాను. మా నాన్న నా పేరు పిలవబోయి "రా" దగ్గర ఆగిపోతాడు. ఆగి, నా వంక చూసి, తల తిప్పుకుంటాడు. అయ్యా, ఎవరైనా తిట్లకు కుళ్లుకుంటారా? నేను కుళ్లుకుంటున్నాను.

కావున తమరిని కోరునది: చీటీ రాయకముందే తలుపు దగ్గర మనిషిని చూడవలెను. నోరు వంకరపోయినదా, రెండు చేతులూ లేచినవా, మాట తిన్నగా ఉన్నదా అని అడగవలెను. గుండెల్లో నొప్పి అంటే, అన్నది ఎవరైనా సరే, ఈసీజీ తీయవలెను. జ్వరంతో వచ్చినవారి ఊపిరి, బీపీ చూడవలెను. షుగరు చూడకుండా, చేతులెత్తించకుండా ఎవరినీ తాగినవాళ్లని తీర్మానించరాదు. మా కొండభాష తెలిసిన మనిషిని సంత రోజైనా అక్కడ ఉంచవలెను. ఇవేవీ తమ సిబ్బందికి కొత్త కాదు. రమణమూర్తి గారికి అన్నీ చేశారు.

ఈ కాగితం మీద కాక, ఏదైనా ఒక సంత నాడు ఆ వరండాలో ఒక్కపూట నిలుచుని తాము చిత్తగించవలెను.

ఇట్లు,
కిల్లో ధర్మ కూతురు, విధేయురాలు,
రాజకుమారి, బి.ఎస్సీ.

తా.క.: విశాఖలో ఒక కంపెనీ నుంచి నాకు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. సోమవారం చేరమన్నారు. చేరడం లేదు. ఇక ప్రతి సంతకీ తమ అత్యవసర విభాగం తలుపు దగ్గర నేనుంటాను. ముద్దమాటతో వచ్చిన ప్రతి మనిషినీ చేతులెత్తమంటాను. చేయి లేవకపోతే నేనే లోపలికి తీసుకొస్తాను. ఇందుకు తమ అనుమతి కోరుట లేదు.