అలసట లేని ఎద్దులు

మంగళవారం, రాత్రి

సాయంత్రం ఫోన్లో మళ్ళీ బండలాగుడు ఆట. గిద్దలూరులో బావ, ఇక్కడ తర్లుపాడులో నేను. ఇద్దరికీ ఇప్పుడు ఎద్దులు లేవు కాబట్టి ఇదే మా పందెం.

మొదట వచ్చిన ఆటే ఆట. అందులో చర్నాకోల ఎక్కువ వేస్తే ఎద్దులు అలిసి కూలబడేవి, వీపు నిమిరితే లేచేవి. బావ ఒక్కసారి కూడా నా మీద గెలవలేదు. నిజం పందేల్లోనూ వాడికి కొట్టడం తప్ప ఏమీ తెలియదు. నేను నా ఎద్దుల మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

ఇప్పుడు ఆ ఆటకే రెండోది వచ్చింది. బొమ్మలు తళతళలాడుతున్నాయి, జనం కేకలూ పెట్టారు. ఎద్దులకు అలసట మాత్రం తీసేశారు. ఎంత కొడితే అంత పరుగు. వచ్చిన రోజు నుంచీ ఓడిపోతూనే ఉన్నాను.

"పాతదే ఆడదాం బావా" అన్నాను.

"అది ఎప్పుడో తీసేసినా. కొట్టడం చేతగానోడివి, నీకెందుకు బండలాగుడు? పోయి బర్రెల్ని మేపుకో" అన్నాడు.

రోషం వచ్చింది. బొటనవేలు నొప్పిపుట్టేదాకా కొట్టాను. గెలిచాను.

"ఇన్నాళ్ళకు తెలివొచ్చిందబ్బా నీకు" అని బావ ఒకటే నవ్వు.

బొమ్మ ఎద్దులే, నాకు తెలుసు. అయినా అన్నం సయించలేదు. ఎడమవైపు దాని కొమ్ములు అచ్చం ఒకప్పటి మా కోడెవే.

రేపు బావ ఫోన్ చేస్తే ఎత్తకూడదనే ఉంది. ఎత్తకపోతే, నాతో ఎద్దుల మాట మాట్లాడేవాడు ఇంకెవడున్నాడు...